దురదగొండి కరవని చెయ్యి

కార్తీకమాసం వచ్చిందంటే మా చికిటిలో చేప పేరెత్తేవాళ్ళుండరు. ఒడియావాళ్ళ ఇళ్ళలో నెలంతా నీసు ముట్టరు. నెలంతా నోరు కట్టుకోలేనివాళ్ళు కూడా ఆఖరి అయిదు రోజులూ, పంచుకం అంటారు, ఆ అయిదు రోజులైనా నిష్ఠగా ఉంటారు. పుణ్యం సంపాదించుకోవద్దని నేననను. కానీ ఊరందరి పుణ్యమూ కలిసి నెల్లాళ్ళపాటు సముద్రం మీద బతికే రామయ్యపట్నం జాలార్ల పొట్టమీద పడుతుందన్న సంగతి మా వీధిలో ఒక్కరికీ తట్టేది కాదు. నాకూ తట్టలేదు. ఎర్రమ్మ వచ్చి మా పెరటి గుమ్మం ముందు కూర్చున్నాకే తట్టింది.

అప్పటికి నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఆరు నెలలు. నా పుట్టిల్లు బరంపురం. గంజాం జిల్లా అంతా ఇంకా మద్రాసు కిందే ఉన్న రోజులవి. మా మామగారు వైకుంఠరావుగారికి చికిటి బజారులో కిరాణా కొట్టు. ఆయన అక్కగారు అమ్మణ్ణి చిన్నతనంలోనే భర్త పోయి తమ్ముడి ఇంటికి వచ్చేశారు. వంటిల్లు ఆవిడది. తడిబట్ట కట్టుకుని మడిలో ఉన్నంతసేపూ ఆవిడ దగ్గరికి నేను కూడా వెళ్ళకూడదు. పెద్దత్తగారూ అని దూరం నుంచే పిలిచేదాన్ని. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. కూర్చుంటే లేవలేరు, లేస్తే కూర్చోలేరు, రెండింటికీ నన్నే తిట్టేవారు. దురదగొండాకు పప్పులో వేసుకుని తింటే నొప్పులు తగ్గుతాయని ఆవిడకెవరో చెప్పారు. చెప్పినవాళ్ళు ఆ ఆకు కోసి తెచ్చే మనిషిని మాత్రం చెప్పలేదు. దురదగొండి పేరు వింటేనే చేతులు గోక్కునేవాళ్ళం మేమంతా.

తెచ్చే మనిషి తనంతట తానే వచ్చింది. ఎర్రమ్మ పదకొండు నెలలు ఎండుచేపలమ్మే మనిషి. కార్తీకంలో చేపల తట్ట చూరుకి తగిలించి, వేరే తట్టలో ఆకులు పెట్టుకుని ఊళ్ళమీద పడేది. మా కోమట్ల వీధిలో చేపలమ్మి అడుగు పెట్టడం ఆ ఒక్క నెలలోనే. తట్ట కొత్తదే, సముద్రంలో ముంచి, ఎండబెట్టి, పసుపు రాసుకుని మరీ తెచ్చేది. అయినా మా మామగారు ముక్కు మూసుకునే పెరట్లోకి వచ్చేవారు.

"ఆకు మీద వాసన నేదు బాబూ. వాసన నా ఒంటిది. దాన్నేటి సెయ్యగలను?" అంది మొదటి రోజే. అలసిపోయిన మనిషి గొంతులో కోపం కూడా నీరసంగానే వస్తుంది. మామగారు లోపలికి వెళ్ళిపోయారు.

నలభై అయిదేళ్ళుంటాయేమో, అరవైలా కనిపించేది. తట్ట దించాక గోడకి చేరబడి, కాళ్ళు చాపి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, అలా ఉండిపోయేది. నేను చెంబుతో నీళ్ళు పోస్తే దోసిట్లో తాగి, మిగిలినవి పాదాల మీద పోసుకునేది. ఆ పాదాలు నేను చూడలేకపోయేదాన్ని. రామయ్యపట్నం నుంచి చికిటి దాకా, మళ్ళీ చికిటి నుంచి రామయ్యపట్నం దాకా, వారానికి మూడుసార్లు. తెల్లవారకుండా బయల్దేరితే ఎండ ముదిరేసరికి చేరేది.

ఆ ఆకు ఎక్కడ దొరుకుతుందంటే, సముద్రపొడ్డున మొగలి డొంకలుంటాయి. వానలకి ఆ డొంకల మీదికి దురదగొండి తీగ అల్లుకుంటుంది. లోపల మొగలి ముల్లు, పైన దురదగొండి నూగు. పూత రాకముందు చివరి నాలుగాకులే తినడానికి పనికొస్తాయి. వాటిని గిల్లాలి. మిగతావాళ్ళు కర్రతో లాగి, గుడ్డతో పట్టుకుని, నానా తంటాలు పడి గుప్పెడు కోసేలోపు ఎర్రమ్మ ఉత్త చేతులతో తట్టెడు కోసేది. మనం తగలడం అంటాం, వాళ్ళు కరవడం అంటారు. ఎర్రమ్మని దురదగొండి కరవదు. ఆ పల్లెలో ఆమెకున్న పేరు అది.

"ఎలాగే, దురద పుట్టదేటి?" అని పెద్దత్తగారు అడిగితే, కుడిచెయ్యి తిప్పి చూపించింది. అరచెయ్యి చెక్కలా ఉంది. చిటికెనవేలూ దాని పక్క వేలూ కొంచెం లోపలికి ముడుచుకుని ఉన్నాయి.

"ఏడేళ్ళ పిల్లప్పట్నుంచీ సేపకి ఉప్పెట్టిన సెయ్యమ్మగోరూ ఇది. తోలు సచ్చిపోనాది. ఇంక ఆకేటి కరుస్తాది?" అని కాస్త ఆగి, కొంచెం సిగ్గుగా, "మా పల్లెలో అయితే గంగమ్మ తల్లి ఇచ్చిన సెయ్యంటారు" అంది.

ఆ మాట ఉత్తినే అనలేదు. ఏటా పడవలు సముద్రం మీదికి వెళ్ళేముందు రామయ్యపట్నంలో గంగమ్మకి కొత్త కుండలో పాయసం వండుతారు. ఉడుకుతున్న కుండని పొయ్యి మీంచి ఉత్తచేతులతో ఎత్తి అమ్మవారి ముందు పెట్టాలి. నాలుగేళ్ళుగా ఆ పని ఎర్రమ్మదే. మొగుడు మాయదారి జ్వరాల ఏడు పోయాడు. పడవలో వాటా లేదు. ఇల్లు చూస్తే రెండు తాటాకు కప్పులు. అలాంటి మనిషికి ఏడాదికి ఒక్కరోజు ఊరంతా దారిచ్చి నిలబడటమంటే మాటలు కాదు. ఆ రోజు గురించి చెప్పేటప్పుడు మాత్రం ఆవిడ గోడకి చేరబడేది కాదు, నిటారుగా కూర్చునేది.

వంట కూడా ఆవిడే నేర్పింది. పెద్దత్తగారు పొయ్యి దగ్గర, ఎర్రమ్మ పెరట్లో గోడవతల, మధ్యలో గుమ్మం దగ్గర నేను. ఎర్రమ్మ చెప్పిందాన్ని నేను లోపలికి మళ్ళీ చెప్పాలి, చెవుడున్నది ఎవరికో నాకర్థమయ్యేది కాదు. ముందు నీళ్ళు కళపెళా మరగాలి. అందులో చిటికెడు పసుపు, గుప్పెడు ఉప్పు. ఆకుని తట్టలోంచి నేరుగా గంగాళంలోకి దులపాలి, చేత్తో తియ్యకూడదు. రెండు పొంగులు వచ్చాక నూగు చస్తుంది. ఆ నీళ్ళు మొక్కకి కూడా పొయ్యకుండా పారబొయ్యాలి. చల్లనీళ్ళలో రెండుసార్లు కడిగి పిండితే ఇంక అది మామూలు ఆకే. తోటకూర కంటే ముదురు పచ్చన, కొంచెం బంక, కొంచెం చేదు. పెద్దత్తగారు పెసరపప్పులో వేసి ఇంగువ పోపు పెట్టేవారు. ఎర్రమ్మ ఇంట్లో అయితే చింతపండు పులుసు, ఎండురొయ్యల పొట్టు, పక్కన చోడి అంబలి, అంటే రాగి జావ. ఎండురొయ్యల మాట నేను లోపలికి చెప్పలేదు.

"మా గుంట సీతాలు ఇంకా బాగొండుతాది" అంది ఎర్రమ్మ. సీతాలు ఆమె ఒక్కగానొక్క కూతురు, పద్దెనిమిదేళ్ళది. పైడన్న అనే పడవ కూలీని చేసుకుని తల్లి పక్క గుడిసెలోనే ఉంది. "మొన్నటిదాకా డొంకలోకి ఎల్లమంటే ఏడ్సేది. గట్టిగా ఒట్టుకుంటే కరవదే అని నాను ఎన్నిపాల్లు సెప్పినానో. ఇప్పుడు సూడాలి, ఉత్తసేతుల్తో తట్ట నింపుకొస్తాది. మా గుంటకీ నా సెయ్యే ఒచ్చినాదమ్మగోరూ. నా తరవాత గంగమ్మ కుండ అదే ఎత్తుతాది."

ఆ మాట మురిసిపోతూ అంది. నాకిప్పటికీ చెవిలో ఉంది, ఎందుకంటే అదే మాట ఇంకోసారి కూడా విన్నాను.

రెండో ఏడు కార్తీకంలో, మొదటి సోమవారం వెళ్ళిన మర్నాడు, ఎర్రమ్మ వచ్చి తట్ట దించింది. ఆ ఏడు మరీ చిక్కిపోయింది. నేను నీళ్ళు పోస్తుంటే దోసిలి సరిగా కుదరక సగం నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోయాయి. పెద్దత్తగారు ఆ రోజు ఇంకా మడి కట్టుకోలేదు, పెరట్లోనే పీట వేసుకుని కూర్చుని ఉన్నారు.

"ఆ బొబ్బేటే ఎర్రమ్మా?" అన్నారు.

"ఏ బొబ్బమ్మగోరూ?"

చెయ్యి తిప్పి చూసుకుంది. మణికట్టు కింద రూపాయంత బొబ్బ చితికిపోయి, నీరు కారి, దానికి ఇసక అంటుకుని ఉంది. చూసి తనే ఆశ్చర్యపోయింది.

"ఓలమ్మ! ఇదెప్పుడొచ్చినాదో. నిన్న గంజికుండ దింపినాను, అప్పుడయ్యుంటాది."

"నొప్పి తెలీలేదా?"

"నా సేతికి నొప్పేటమ్మగోరూ" అని నవ్వింది. నేనూ నవ్వాను. పెద్దత్తగారు నవ్వలేదు.

ఆవిడ లేవడానికి నా భుజం పట్టుకున్నారు. లోపలికెళ్ళి పట్టకారు తెచ్చారు. తట్టలోంచి ఒక లేతతీగ పట్టకారుతో పట్టుకుని ఎర్రమ్మ ఎదురుగా, అంత దగ్గరగా ఎప్పుడూ కూర్చోని మనిషి, నేలమీద కూర్చున్నారు.

"కళ్ళు మూసుకో. తగిలినప్పుడు చెప్పు" అన్నారు.

ఎర్రమ్మ ఏదో ఆట అనుకుంది. కళ్ళు మూసుకుని చెయ్యి చాపింది. పెద్దత్తగారు ఆకుని వేలిచివర ఆనించారు. వేళ్ళ మీంచి అరచేతిలోకి, అరచేతిలోంచి మణికట్టు మీదికి నెమ్మదిగా రాస్తూ తీసుకొచ్చారు. నేను చూస్తున్నాను.

"ఇంకా తగల్నేదమ్మగోరూ" అంది ఎర్రమ్మ కళ్ళు మూసుకునే.

ఆకు మణికట్టు దాటింది. ముంజేతి సగం దాటింది.

"మొదలెట్టండమ్మగోరూ, నాను మళ్ళీ అంత దూరం ఎల్లాల" అంది ఎర్రమ్మ.

మోచెయ్యి దగ్గరికి వచ్చేసరికి "అబ్బా!" అని ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. ఆకు ఎక్కడుందో చూసింది. తర్వాత వేళ్ళ దగ్గర్నుంచి మోచెయ్యి దాకా ఆకుపసరు గీసిన పచ్చటి చారికని చూసింది. ఆ చారిక వెంట ఆవిడ చూపు రెండుసార్లు వెళ్ళి వచ్చింది.

పెద్దత్తగారు ఆకుని తట్టలోకి వదిలి పట్టకారు కింద పెట్టారు.

"ఏటమ్మగోరూ ఇది?" అంది ఎర్రమ్మ.

"నీకు తెలుసే" అన్నారు పెద్దత్తగారు. "ఉప్పు వల్ల కాదు. గంగమ్మ వల్లా కాదు. పెద్దరోగం."

పెద్దరోగం అంటే కుష్ఠు. మావైపు ఆ రోగం పేరు పైకి అనేవాళ్ళు కాదు, పెద్దది అని ఊరుకునేవాళ్ళు. అది వచ్చినవాళ్ళని ఊరు ఏం చేస్తుందో ఎర్రమ్మకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏడుస్తుందనుకున్నాను. శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. ఆవిడ తన గురించి ఒక్క మాట అనలేదు. చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా గోడకేసి చూస్తూ, పోయిన ఏడు అన్న మాటే అంది.

"మా గుంటకీ నా సెయ్యే ఒచ్చినాదమ్మగోరూ."

అప్పుడు అర్థమైంది నాకు. సీతాలు కూడా ఉత్త చేతులతో తట్ట నింపుతోంది. సీతాలుని కూడా దురదగొండి కరవడం లేదు.

పెద్దత్తగారు బరంపురం పెద్దాసుపత్రిలో ఈ రోగానికి వారానికోసారి నూనె సూదిమందు వేస్తున్నారని, వెళ్ళమనీ, కూతుర్ని కూడా తీసుకెళ్ళమనీ చెప్పారు. ఎర్రమ్మ విన్నదో లేదో తెలియదు. లేచింది. తట్ట అక్కడే వదిలేసింది. నేను సోలెడు బియ్యం పట్టుకుని వెనక పరిగెత్తి, దగ్గరికి వెళ్ళాక, చెప్పడానికి సిగ్గుగా ఉంది, రెండు అడుగుల దూరంలో ఆగిపోయాను. ఆవిడ అది గమనించింది. కొంగు నేలమీద పరిచి, తను ఆ కొంగు అందినంత వెనక్కి జరిగి నిలబడింది. నేను వంగి బియ్యం ఆ కొంగులో పోసి వచ్చేశాను. ఆ రోజు ఎన్నిసార్లు చేతులు కడుక్కున్నానో నాకే తెలియదు. ముట్టుకోని చేతులు ఎందుకు కడుక్కున్నానో అంతకన్నా తెలియదు.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన మామగారికి సంగతి తెలిసింది. ఇల్లు ఎగిరిపోయేలా అరిచారు. గంగాళం పారెయ్యమన్నారు, చేట పారెయ్యమన్నారు, పెరడు తవ్వి కొత్త మట్టి పొయ్యమన్నారు. పెద్దత్తగారు అంతా విని, "ఆమె కోసిన ఆకు రెండేళ్ళుగా పప్పులో వేసుకుని తిన్నావు, రెండోసారి కూడా వడ్డించుకున్నావు. కడుపేం పారేస్తావు?" అన్నారు. మామగారు చెయ్యి కడుక్కుని కొట్టుకి వెళ్ళిపోయారు. గంగాళం మాత్రం పొలిమేర దాటింది, మళ్ళీ రాలేదు. ఆ సాయంత్రమే కొత్తది కొన్నారు.

ఆ సాయంత్రం పెద్దత్తగారు వంటింట్లోకి నన్ను పిలిచారు. మడిలో ఉండి పిలవడం అదే మొదలు.

"మీ పెద్దమావయ్య జ్వరంతో పోయారని అందరూ చెబుతారు కదా. జ్వరం కాదే. పెళ్ళైన కొత్తలో మండే బొగ్గు చేత్తో తీసి నాకు చూపించేవారు. నేను చప్పట్లు కొట్టేదాన్ని" అన్నారు. అంతే చెప్పారు. పొయ్యిలో కట్టె ముందుకి తోసి, ఇంక వెళ్ళమన్నారు.

తర్వాతి వారం పెరటి గుమ్మంలో తట్టతో సీతాలు నిలబడింది. చామనఛాయ, పొడుగు పిల్ల. రెండు చేతులకీ మోచేతుల దాకా గోనెపీలికలు చుట్టుకుని ఉంది. పుళ్ళు కప్పుకుందనుకున్నాను.

పెద్దత్తగారు మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చారు. "ఏటే, నీ చెయ్యి చూసిందా మీ అమ్మ?" అన్నారు.

సీతాలు పీలికలు విప్పింది. చేతులనిండా ఎర్రటి దద్దుర్లు, గోకుడు గీతలు. ఆ చేతుల్ని మా ముందు చాపి, ఏడవాలో నవ్వాలో తెలియని మొహం పెట్టింది. ఆ పిల్ల చెప్పిందంతా ఆ పిల్ల మాటల్లోనే చెబుతాను.

"పొద్దు కుంకీ యేలకి ఒచ్చినాదమ్మగోరూ. అన్నం తినమన్నా పలకదు. సరాసరి డొంకలోకి ఎల్లి ఇంత ఆకు తెంపుకొచ్చి, సెయ్యి సాపు అంది. నాను నవ్వీసినాను. ఇరుగుపొరుగోళ్ళకి సూపించడానికేమో అనుకున్నాను. సాపినాను. రుద్దీసింది. నిజం సెప్పాలంటే పేణం పోనాది. గానీ నాను పళ్ళు బిగబట్టి ఊరుకున్నాను."

"ఎందుకే?" అన్నాను నేను.

"రెండేళ్ళయి ఊరుకుంటన్నాను కదమ్మా! అమ్మకి నా మీద ఎంత ఆశో మీకు తెల్దు. గంగమ్మ కుండ నువ్వే ఎత్తాల అని రోజూ అంటాది. అమ్మ సూడకుండా డొంకలో ఒక గోనెపీలిక దాసుకున్నాను. సేతులకి సుట్టుకుని కోసీసి, మళ్ళీ అక్కడే దాసీసి, ఉత్త సేతులతో ఇంటికొచ్చీదాన్ని. మా ఆయనకొక్కడికే తెలుసు. ఇప్పుడు అరిస్తే దొంగతనం బయటపడిపోతాదని ఊరుకున్నాను."

తల్లి రెండో చెయ్యి పట్టుకుంది. మళ్ళీ రుద్దింది. కూతురు మళ్ళీ పళ్ళు బిగబట్టింది. అప్పుడు ఎర్రమ్మ చేతిలో ఆకు పడిపోయిందట. గుడిసె ముందు ఇసకలో కూలబడి, "నీకూ నేదా? నీకూ నేదా గుంటా? నానేటి పాపం సేసినానే!" అని నెత్తి కొట్టుకోవడం మొదలుపెట్టిందట. పైడన్న వల వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. సీతాలుకి ఏం జరుగుతోందో అర్థం కాలేదు. కానీ మంట ఆగలేదు. మెడ దాకా పాకింది. ఇంక పట్టలేక, "ఓలమ్మా! సచ్చిపోతన్నానే! మండిపోతాందే!" అని అరిచి, సముద్రంలోకి పరిగెత్తి చేతులు నీళ్ళలో పెట్టిందట.

"ఎనకాలే ఒచ్చి సెంప మీద ఒక్కటిచ్చినాది" అంది సీతాలు. "నాను పీలిక సంగతి సెప్పీసినాను. తిడతాదేమో అనుకున్నాను. తిట్టనేదు. నీళ్ళల్లోనే నిలబడి, మండతందా, నిజంగా మండతందా, అని అడుగుతాది. అవునని ఏడిస్తే నవ్వుతాది. అప్పుడు సెప్పినాది, తనకేటొచ్చినాదో. నాను ముట్టుకోబోతే ముట్టుకోనియ్యనేదు. ఆ రోజు సెంపదెబ్బే ఆకరుది. మళ్ళీ నన్ను ముట్టుకోనేదు."

పెద్దత్తగారు గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు. నేను అక్కడే కూర్చుని ఏడ్చాను. రెండేళ్ళ అబద్ధం తల్లి ఆశని కాపాడింది, అదే అబద్ధం ఆ సాయంత్రం తల్లిని ఇంచుమించు చంపేసింది. దీన్ని ఏమనుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజు మాత్రం సీతాలు చేతుల మీద దద్దుర్లకి నేనే కొబ్బరినూనె రాశాను. రెండు అడుగుల దూరంలో ఆగలేదు.

తర్వాత సంగతులు సీతాలు వచ్చినప్పుడల్లా కాసిని కాసిని తెలిశాయి. ఎర్రమ్మ ఊరివాళ్ళు పొమ్మనేదాకా ఆగలేదు. తనే పల్లె పెద్దల దగ్గరికి వెళ్ళి, దూరంగా నిలబడి, గంగమ్మ కుండ ఇంక నేను ఎత్తను, ఎందుకో అడక్కండి అని చెప్పేసింది. వాళ్ళు అడగలేదు. ఊరి చివర మొగలి డొంక పక్కన పైడన్న ఆమెకో గుడిసె వేశాడు. వారానికోసారి బరంపురం నడిచి వెళ్ళి సూదిమందు వేయించుకునేది. ఆ సూది మందంగా ఉంటుందట, నూనె కూడా చిక్కన. నొప్పి తెలుస్తోందా అని డాక్టరు అడిగితే, తెలుస్తోంది బాబూ, బాగా తెలుస్తోంది, ఇంకొంచెం కింద వెయ్యండి, అక్కడా తెలుస్తుందేమో చూద్దాం, అనేదట. ముడుచుకుపోయిన వేళ్ళు మళ్ళీ సాగవు గానీ రోగం ఇంక పైకి పాకడం లేదని ఆయన చెప్పాడు. బరంపురం వెళ్ళి వచ్చేసరికి రెండు రోజులు పట్టేది. దారిలో ఎవరి అరుగు మీదా పడుకోనిచ్చేవారు కాదు.

మరుసటేడు కార్తీక పున్నమికి సముద్రస్నానం చెయ్యాలని పెద్దత్తగారు పట్టుబట్టారు. గోపాలపురం వెళ్దామంటే వినలేదు, రామయ్యపట్నమే అన్నారు. ఎడ్లబండిలో చాప వేసుకుని వెళ్ళాం. ఎర్రమ్మ వారానికి మూడుసార్లు నడిచిన దారి అదే. బండిలో కూర్చున్న నాకే నడుము విరిగింది.

తెల్లవారగానే స్నానాలయ్యాయి. ఒడ్డున ఒడియావాళ్ళు అరటిదొప్పల పడవలు వదులుతున్నారు. పెద్దత్తగారు తడిబట్టతోనే నా భుజం పట్టుకుని మొగలి డొంక వైపు నడిచారు. మడి సంగతి నేను గుర్తు చెయ్యలేదు.

ఎర్రమ్మ గుడిసె ముందు కూర్చుని ఉంది. ఇంకా చిక్కిపోయింది. చేతికి శుభ్రమైన గుడ్డ కట్టు. పక్కన మట్టిచిప్పలో చోడి అంబలి, ఆకుపులుసు, మూతేసి ఉన్నాయి. మమ్మల్ని చూసి లేవబోతే పెద్దత్తగారు వద్దని చెయ్యి ఊపి, నాలుగడుగుల దూరంలో ఇసకలో కూలబడ్డారు. అలసిపోయిన ఆడవాళ్ళిద్దరు, ఎదురెదురుగా కాళ్ళు చాపుకుని.

"నీ మోకాళ్ళెలగున్నాయమ్మగోరూ?" అంది ఎర్రమ్మ.

"అలాగే ఉన్నాయి. నీ ఆకు వల్ల ఏమీ కాలేదు" అన్నారు పెద్దత్తగారు.

ఎర్రమ్మ నవ్వింది. అంబలి చల్లారిపోతోంది, తినవే, అని పెద్దత్తగారు అంటే, చెయ్యి ఎత్తి ఆగమంది. డొంక వైపు చెవి పెట్టింది. లోపల ఎవరో కొమ్మలు జరుపుతున్న చప్పుడు.

"గుంట ఆకు కోస్తాంది" అంది. "పీలిక సుట్టుకోనిస్తాను. గానీ రోజుకొక్కపాలి పీలిక తీసి ఒట్టుకోమంటాను. రెండు సేతుల్తోనూ. అది ఇనపడీదాకా నాకు గంజి దిగదమ్మగోరూ."

మేము కూడా చెవులు రిక్కించాం. సముద్రం హోరుమంటోంది. ఒడ్డున శంఖాలు ఊదుతున్నారు. కాసేపటికి డొంకలోంచి సీతాలు గొంతు, మొదట ఒకసారి, తర్వాత ఇంకోసారి, గట్టిగా వినిపించింది.

"అబ్బా! అబ్బా, ఓలమ్మా!"

"రెండూ అయినాయి" అంది ఎర్రమ్మ. మూత తీసి, చిప్పని ఎడమచేత్తో దగ్గరికి లాక్కుని అంబలి తాగింది.